చుట్ల లెక్క

కాలిన మోటారు షాపుకు రాగానే వైండింగ్ మేస్త్రీ మొదట చేసేది లెక్కపెట్టడం. మాడిన కాయిల్‌ను కోసి బయటికి లాగుతాడు. స్లాటుకు ఎన్ని చుట్లున్నాయి, తీగ ఏ గేజి, కాయిల్ ఏ స్లాటులో దిగి ఎన్నో స్లాటులో తేలింది, అన్నీ నోటుబుక్కులో రాసుకుంటాడు. ఆ తర్వాతే కొత్త తీగ ముట్టుకుంటాడు. మా ఊరు గార్ల బజారులో నేను ఈ పని చూస్తూనే పెరిగాను. పాకాల ఏటి వెంట నీళ్లు తోడే మోనోబ్లాకులు, తండాల బోర్లలోని సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఎండలు ముదిరేసరికి మేస్త్రీ బల్ల దగ్గరికే వచ్చేవి. ఒక ఫేజు పోయినా, వోల్టేజీ పడిపోయినా, బోరులో నీళ్లు అడుగంటి మోటారు ఒట్టిగా తిరిగినా చివరికి దెబ్బతినేది వైండింగే.

నోటుబుక్కులో రాసుకున్న చుట్ల అంకెను మేస్త్రీ మార్చడు. పంపు మోటారు వేగం చుట్లను బట్టి ఉండదు మరి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది. మోటారులో పోల్స్ రెండు. ఈ రెండూ కలిసి వేగాన్ని నిమిషానికి 3000 భ్రమణాల దగ్గర కట్టిపడేస్తాయి, బరువు పడ్డాక అది 2880 చుట్టుపక్కల నిలుస్తుంది. చుట్లు తగ్గించినంత మాత్రాన వేగం పెరగదు. మోటారు కరెంటు ఎక్కువ లాగి వేడెక్కి మళ్లీ కాలుతుంది. చుట్లు పెంచితే బలం చాలక నీళ్లెత్తదు. అందుకే మంచి మేస్త్రీ అంటే ఉన్న లెక్కను ఉన్నట్టు తిరిగి చుట్టేవాడు. నీళ్లలో మునిగే మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న తీగ, పొడి మోటారుకు ఎనామెల్ తీగ, పైన వార్నిష్. ఈ కట్టుబాట్లు తప్పితే రైతు వారానికే తిరిగొస్తాడు.

నేను ఇప్పుడు చుట్టేవి మాత్రం అరచేతిలో ఇమిడే మోటార్లు. మోడల్ విమానాలకు, చిన్న డ్రోన్లకు వాడే బ్రష్‌లెస్ మోటార్లు. మధ్యలో కదలని స్టేటర్, దానికి సాధారణంగా 12 పళ్లు. చుట్టూ తిరిగే డొప్ప, దాని లోపలి గోడకు అంటించిన 14 అయస్కాంతాలు. మోటారు మీద 1000 కేవీ అని ఉంటే, బరువు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి సార్లు తిరుగుతుందని అర్థం. మూడు సెల్లుల లిథియం బ్యాటరీ 11.1 వోల్టులు ఇస్తుంది కాబట్టి వేగం 11,100. ప్రొపెల్లర్ బిగించాక అంతకన్నా తగ్గుతుంది.

ఇలాంటి స్టేటర్‌ను ఒకసారి మా బజారులోని మేస్త్రీ అన్నకు చూపించాను. వేళ్ల మధ్య తిప్పి చూసి, "చుట్లు తగ్గిస్తే కాలుతది గదా తమ్మీ?" అని అడిగాడు. ఇందులో చుట్లే వేగాన్ని నిర్ణయిస్తాయని, బ్యాటరీని, ప్రొపెల్లర్‌ను బట్టి ఎన్ని చుట్టాలో మనమే తేల్చుకోవాలని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే దీనికి లెక్క మనదే అన్నట్టు" అన్నాడు. ఈ పని గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

లెక్క ఎంత సులువో చూడండి. పంటికి 13 చుట్లున్న మోటారు 1000 కేవీ ఇస్తోందనుకుందాం. 13ను 1000తో గుణిస్తే 13,000. ఆ మోటారుకు ఈ అంకె మారదు. పది చుట్లు చుడితే 1300 కేవీ, పదహారు చుడితే దాదాపు 812, ఇరవై ఆరు చుడితే 500. అరచుట్టు కుదరదు కాబట్టి వేగం మెట్లు మెట్లుగానే మారుతుంది. 1000కీ 1300కీ నడుమ కావాలంటే పన్నెండో పదకొండో ఎంచుకోవాలి. ఇంకో పెద్ద మెట్టు మూడు ఫేజుల తీగలను కలిపే పద్ధతి: స్టార్, డెల్టా. అవే చుట్లను స్టార్ బదులు డెల్టాలో కలిపితే వేగం 1.73 రెట్లవుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్ బిగించిన వాళ్లెవరికీ ఈ 1.73 కొత్తేమీ కాదు. మన 240 వోల్టులకూ 415 వోల్టులకూ మధ్య ఉన్నది అదే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు దాదాపు అందరూ ఒకే దగ్గర పొరబడతారు. చుట్లు మార్చితే మోటారు బలం పెరుగుతుందని వాళ్ల నమ్మకం. పెరగదు. స్లాటులో పట్టే రాగి ఎంతో అంతే. 13 చుట్లు 0.5 మిల్లీమీటర్ల తీగతో పట్టిన చోట 26 చుట్లు పట్టాలంటే తీగ 0.35కి సన్నబడాలి. చుట్లు రెట్టింపైతే ఆంపియరుకు వచ్చే తిప్పుడు బలం రెట్టింపవుతుంది, కానీ సన్నని తీగ మోయగల ఆంపియర్లు సగమవుతాయి. అంతే వేడికి అంతే బలం. మారేది పొత్తు ఒక్కటే: ఏ బ్యాటరీకి, ఏ ప్రొపెల్లర్‌కు ఈ మోటారు సరిజోడు అన్నది. సైకిల్ గేర్ మార్చినంత మాత్రాన తొక్కేవాడి కాళ్లకు సత్తువ పెరగదు గదా, ఇదీ అంతే.

వేగం మీద ఆశపడితే ప్రొపెల్లర్ వెంటనే లెక్క అప్పజెబుతుంది. గాలిని కోసే రెక్కకు కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 1.3 రెట్లయితే శక్తి దాదాపు 2.2 రెట్లు కావాలి. వెయ్యి కేవీ మోటారును పది చుట్లకు దించి, పాత ప్రొపెల్లర్‌నే ఉంచి పూర్తి థ్రాటిల్ ఇస్తే తీగ గానీ, స్పీడ్ కంట్రోలర్ గానీ, బ్యాటరీ గానీ ఏదో ఒకటి లొంగిపోతుంది. వేగం పెంచితే రెక్క చిన్నది కావాలి. పెద్ద రెక్కను నిదానంగా తిప్పాలంటే చుట్లు ఎక్కువ కావాలి. మందు కొట్టే పెద్ద డ్రోన్ల మోటార్లు 100 కేవీ దగ్గర ఉండడానికి కారణం ఇదే. పన్నెండు సెల్లుల 44.4 వోల్టుల బ్యాటరీతో 30 అంగుళాల రెక్కను తిప్పాలి వాటికి.

ఈ విద్యకు పెద్ద ఊపు పాడైపోయిన సీడీ డ్రైవ్‌ల నుంచి వచ్చింది. వాటిలోని చిన్న మోటారును విప్పి, బలమైన నియోడిమియం అయస్కాంతాలు అంటించి, తీగ మళ్లీ చుట్టి విమానాలు ఎగరేశారు. 2000ల మొదట్లో లూకాస్, రెట్జ్‌బాఖ్, క్యూఫస్ అనే ముగ్గురు జర్మన్లు 12 పళ్లు, 14 అయస్కాంతాల పొందికను ప్రచారంలోకి తెచ్చారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఎల్ఆర్‌కే వైండింగ్ అంటారు. ఇప్పుడు ఎక్కువ మంది చుట్టేది దాని తమ్ముడి వరసైన డీఎల్ఆర్‌కే. అందులో ప్రతి ఫేజూ పక్కపక్క పళ్ల జంట మీద, మళ్లీ ఎదురుగా ఉన్న జంట మీద కూర్చుంటుంది. మొదటి ఫేజుకు 1, 2, 7, 8 పళ్లు. ఒకటో పన్ను సవ్యంగా, రెండోది అపసవ్యంగా, ఏడోది అపసవ్యంగా, ఎనిమిదోది మళ్లీ సవ్యంగా. మిగతా రెండు ఫేజులూ ఇదే పద్ధతి. ఒక్క పన్ను దిశ తప్పినా మోటారు వణుకుతుంది, అరుస్తుంది, వేడెక్కుతుంది.

చేతిపని సంగతికొస్తే, షాఫ్టు చివర చిన్న క్లిప్పు తీస్తే డొప్ప ఊడొస్తుంది. అయస్కాంతాలు పట్టి లాగుతుంటాయి, వేళ్లు జాగ్రత్త. పాత తీగను కత్తిరించి ఓపికగా తీయాలి. కొన్ని పంపు షాపుల్లో చేసినట్టు మంట పెట్టి కాల్చకూడదు. పళ్ల మీది పూత పోతే కొత్త తీగ ఇనుముకు తగిలి షార్టవుతుంది. స్టేటర్ రేకుల మధ్య ఇన్సులేషన్ చెడితే మోటారు ఊరికే వేడెక్కుతుంది. ఆ రేకులు పంపు మోటారులో మామూలుగా 0.5 మిల్లీమీటర్లుంటే ఇక్కడ 0.2కి సన్నబడతాయి, అదీ కారణంతోనే. నిమిషానికి 10,000 సార్లు తిరిగే 14 అయస్కాంతాల మోటారులో కరెంటు సెకనుకు 1100 సైకిళ్లకు పైగా మారుతుంది. బోరు మోటారు చూసేది 50.

తీగ బిగువుగా పడాలి, అంచు దగ్గర గీసుకోకూడదు. లావు తీగ ఒంగకపోతే సన్నవి రెండు మూడు కలిపి చుట్టొచ్చు, రాగి మొత్తం అంతే ఉంటే చాలు. ప్రతి ఫేజు పూర్తయ్యాక మల్టీమీటరుతో తీగకూ ఇనుముకూ మధ్య చూడాలి. అక్కడ మీటరు పలికిందంటే విప్పి మళ్లీ మొదలుపెట్టాలి, వేరే దారి లేదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం చివరి పన్ను మీద చివరి చుట్టు. పక్క పళ్ల రాగి ఉబ్బి, సందు దారమంతైనా మిగలని చోట తీగ దూర్చాలి. యంత్రం చుట్టిన మోటారులో కన్నా ఓపికున్న చెయ్యి ఎక్కువ రాగిని పట్టించగలదు. బలం నిజంగా పెరిగేది అలా రాగి ఎక్కువ పట్టినప్పుడే.

కుదిరిందా లేదా తేల్చడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మోటారు షాఫ్టును చేతి డ్రిల్లులో బిగించి తిప్పాలి. మూడు తీగల్లో ఏ రెంటి మధ్యనైనా ఏసీ వోల్టేజీ చూడాలి. డ్రిల్లు 2600 వేగంతో తిరుగుతుంటే మీటరు 1.84 చూపిందనుకుందాం. 1.84ను 1.414తో గుణిస్తే 2.6. 2600ను దానితో భాగిస్తే 1000 కేవీ. మూడు జతలకూ ఒకే వోల్టేజీ వస్తే చుట్ల లెక్క సరిగ్గా ఉన్నట్టు. డ్రిల్లు, మల్టీమీటరు ప్రతి వైండింగ్ షాపులోనూ ఉన్నవే.

గార్లలో కూర్చుని ఈ విషయం రాయడానికి కారణం ఉంది. ఈ ప్రాంతానికి మిరప ముఖ్యమైన పంట. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ముంచేసినప్పటి నుంచి మందు కొట్టే పని మరీ భారమైంది. డ్రోన్ల అవసరం అక్కడే మొదలవుతుంది. 2023 నవంబర్‌లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం తెలిపింది: 15,000 మహిళా సంఘాలు, 1,261 కోట్ల రూపాయలు, డ్రోన్ ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని ఆపినా విడిభాగాల దిగుమతిని ఆపలేదు, అంటే మోటారు బయటి నుంచే రావచ్చు. రేపు మన ఊళ్లో డ్రోన్ మోటారు కాలితే దాని లోపల ఏముందో తెలిసిన మనిషి ఊళ్లోనే ఉండాలని నా కోరిక.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2021 డ్రోన్ నిబంధనల కింద మందు కొట్టే డ్రోన్లకు టైప్ సర్టిఫికెట్ ఉంటుంది. అలాంటి డ్రోన్ మోటారును సొంతంగా చుట్టి చేలమీద ఎగరేయడం తప్పు, ప్రమాదం కూడా. డ్రోన్‌కు ఆరు మోటార్లుంటే, వాటిలో ఒకటి వేరే వేగంతో తిరిగితే బరువు మోసేటప్పుడు తేడా బయటపడుతుంది. నేర్చుకోవడానికి చిన్న హాబీ మోటార్లున్నాయి. చేతి ఒడుపు అక్కడ వస్తే పెద్ద మోటారులో లోపం ఎక్కడుందో చెప్పగల చూపు దానితోపాటే వస్తుంది.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో వైండింగ్ పాఠం ఇప్పటికే ఉంది. మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే: ఆ బల్ల మీద పంపు మోటారు పక్కన ఒక బ్రష్‌లెస్ మోటారు పెట్టండి. పన్నెండు పళ్ల స్టేటర్, కొన్ని మీటర్ల ఎనామెల్ తీగ, ఒక మల్టీమీటరు, ఒక డ్రిల్లు చాలు. ఆ రోజు క్లాసుకు ఊళ్లోని వైండింగ్ మేస్త్రీని కూడా పిలవండి. తీగ ఎలా పట్టుకోవాలో పిల్లలకు ఆయన చూపిస్తాడు, వేగం లెక్క పిల్లలు ఆయనకు చెబుతారు.