‘లేదు’ చెప్పే యంత్రం

ఈ వారం నన్ను చిరాకుపెట్టింది ఒక కరపత్రం. కంటి వెనక పొరను ఫొటో తీస్తారట, కృత్రిమ మేధ నిమిషంలో షుగర్ జబ్బు జాడ చెప్పేస్తుందట. ‘నిమిషంలో’ అంటే నాకు ఒళ్లు మంట అని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అడవి అంచున ఉన్న చర్లలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి నిమిషంలో అయ్యే పని ఏముంది?

అలాగని కంప్యూటర్‌ను తీసిపారేయను. 2016లో గూగుల్ వాళ్లు లక్షా 28 వేల ఫొటోలతో దానికి చదువు చెప్పారు. అందులో మన దేశపు కంటి ఆసుపత్రుల ఫొటోలూ ఉన్నాయి. 2018 నాటికి ఆ పొరను చూసి మనిషి ఆడో మగో కూడా చెప్పింది. అది డాక్టర్లకూ చేతకాని విద్య. తీరా థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో పెడితే ఐదింట ఒక ఫొటోను బాగా లేదని తిప్పికొట్టింది. గదిలో వెలుతురు కుదరలేదు. మన పీహెచ్‌సీలో చీకటి గది అంటే మందుల పెట్టెల మధ్య కిటికీకి కట్టిన దుప్పటే. పైగా శుక్లం ముదిరిన కంట్లో వెనక ఏముందో ఏ కెమెరాకీ కనబడదు.

ప్రభుత్వం ఉచితంగా కళ్లు పరీక్షించే ‘కంటి వెలుగు’ రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలోనే మొదలైంది కదా. గడ్డం ఆనించి మిషన్‌లోకి చూడటం, గోడమీద అక్షరాలు చదవడం, దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే పెట్టుకుని మురిసిపోవడం మనందరికీ గుర్తే. ఆ అద్దాలను నేనూ మెచ్చుకున్నాను. కానీ షుగర్ వెనక పొరలో సన్నటి రక్తనాళాలను ఉబ్బించి, చిట్లించి, అంతా చేసేదాకా గోడమీది అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి. అద్దాలొచ్చాయి, కళ్లు బాగైపోయాయి అనుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లు ఎందరో!

కాబట్టి యంత్రాలు కాదు, డాక్టరే అడవికి రావాలన్న నా పాత పాటే ఎత్తుకోబోయాను. ఇంతలో మా ఇంటికి పాలు పోసే, షుగర్ ఉన్న దుమ్ముగూడెం అక్క చెప్పింది. కిందటేడు కంటి పరీక్షకు పట్నం వెళితే కంట్లో చుక్కలు వేశారట. పాపలు విచ్చుకుని ఎండ సూదుల్లా గుచ్చిందట, బస్సు బోర్డు చదవలేకపోయిందట. తోడెళ్లిన కొడుక్కి కూలి పోయింది. చివరికి డాక్టర్ అన్నది “ఏం లేదమ్మా, మళ్లా ఏడాదికి రా” అని. “ఏం లేదనిపించుకోడానికి మళ్లా పోవాల్నా సార్?” అంది. ఈ ఏడు వెళ్లలేదు.

డాక్టర్ దగ్గరికెళ్లే షుగర్ మనుషుల్లో ఎక్కువమంది వినేది ఈ ‘లేదు’ మాటే. దాన్ని ఊళ్లోనే ఏఎన్ఎం చెప్పగలిగితే ఒక రోజు కూలి మిగులుతుంది. బెంగళూరు కంపెనీ రెమిడియో వాళ్లు ఫోన్‌తో పనిచేసే కెమెరా చేశారు. సిగ్నల్ లేకున్నా ఫోనే ఫలితం చెబుతుంది. మన అడవి ఊళ్లకు కావలసింది అదే. కాకపోతే చీటీ మీద ‘షుగర్ జబ్బు వరకే చూశాం’ అని రాయాలి, నీటికాసుల సంగతి ఎవరూ అడగలేదు గనక. ‘ఉంది’ అని తేలినవాళ్లకు కంటి డాక్టర్ చూసే తేదీ, తోడొచ్చే మనిషికి చార్జీ, రెండూ ఆ చీటీతోనే ఇవ్వాలి.