దరఖాస్తు వెనక దస్త్రం

చిన్న స్వచ్ఛంద సంస్థలవాళ్లు గ్రాంటు దరఖాస్తు పట్టుకొని వస్తే నేను ముందు అడిగేది మినిట్స్ పుస్తకం. వాళ్లేమో ప్రాజెక్టు రిపోర్టు చదవమంటారు. రిపోర్టుదేముంది, నాలుగు రోజులు కూర్చుంటే రాసేయొచ్చు. మూడేళ్ల కిందటి సమావేశంలో ఏ తీర్మానం చేశారో, కింద ఎవరెవరు సంతకాలు పెట్టారో ఇప్పుడు కూర్చొని రాయలేం. రాయకూడదు కూడా.

అడిగే కాగితాలు కొత్తవేమీ కావు. రిజిస్ట్రేషన్ పత్రం, బైలా, పాన్, ఆదాయపు పన్ను మినహాయింపుల 12ఎ, 80జి పత్రాలు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఎన్జీవో దర్పణ్ పోర్టల్ నంబరు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులకైతే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు తప్పనిసరి. 12ఎ, 80జి పత్రాలు ఇప్పుడు శాశ్వతం కావు, గడువులోగా పునరుద్ధరించుకోవాలి. ఇంకా పాతవే జతచేసేవాళ్లున్నారు.

కాగితం లేక ఆగిన దరఖాస్తులకన్నా కాగితాలు ఒకదానితో ఒకటి పొసగక ఆగినవే నేనెక్కువ చూశాను. ఇంగ్లీషులో రాసిన ‘సంఘం’లో పాన్ కార్డు మీద హెచ్ ఉంటుంది, పాస్‌బుక్కులో ఉండదు. తీర్మానంలో కొత్త అధ్యక్షురాలు, బ్యాంకులో పాతామె సంతకం, రిజిస్ట్రార్ దగ్గర అంతకుముందాయన పేరు. మన తెలుగు రాష్ట్రాల 2001 సొసైటీల చట్టం ప్రకారం కార్యవర్గం జాబితాను ఏటా పంపుతూ వస్తే ఈ తిప్పలుండవు.

పని జరిగిందనడానికి రుజువుగా రంగుల ఫొటోలు పెడుతుంటారు. నాకు మాత్రం రాత్రిబడి టీచరు చేత్తో రాసిన హాజరుపట్టీ మీదే నమ్మకం. అందులో కోతల కాలంలో పిల్లలు తగ్గడం కనిపిస్తుంది, మళ్లీ రావడమూ కనిపిస్తుంది. తల్లిదండ్రుల్ని అడక్కుండా తీసిన పిల్లల ఫొటో ఎంత బాగున్నా జతచేయనివ్వను.

బాధ కలిగించేది వేరే ఉంది. ఊళ్లో నిజంగా పనిచేసేవాళ్ల దగ్గరే కాగితం తక్కువ. పగలంతా తండాల్లో తిరిగిన మనిషి రాత్రి ఓచర్లు అంటించాలి. లెక్కలు రాసేందుకు ఒకరిని పెట్టుకుందామంటే జీతం ఎక్కడిది? విదేశీ విరాళాల్లోంచి ఇద్దామంటే, ఆ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. ఆ జీతం అందులోంచే రావాలి. విదేశీ నిధుల్లో అది చట్టం గీసిన గీత. ఇక్కడి దాతలకు ఆ గీత లేదు. మూడేళ్ల ఆడిట్ అడిగే దాతలు, ఆ లెక్కలు రాసే మనిషి జీతానికి బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టమని తామే చెప్పాలి.