నక్కో అనే మాట లేని ప్రేమలు

ముస్లింల ప్రేమ అనగానే హిందీ సినిమా మూడింటిని ముందు పెడుతుంది. ఒక పరదా, ఒక షేర్వానీ, ఒక గజల్. ఈ మూడూ ఉంటే చాలు, దానికి 'ముస్లిం సోషల్' అని పేరు పెట్టేశారు. ఆ లక్నో హవేలీల్లో దూదేకులవాళ్ళు ఉండరు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు, సైకిళ్ళకు పంక్చర్లు వేసే మగవాళ్ళు ఉండరు. అబ్బాజాన్, అమ్మీజాన్ అని మా ఇండ్లల్లో ఎవరు పిలుస్తారు? మా ఉర్దూ సగం తెలుగు. మా తెలుగు సగం ఉర్దూ. అయినా మావాళ్ళు ఆ సినిమాల్ని తమవే అనుకొని చూశారు. తెర మీద మన పేర్లున్నవాళ్ళు కత్తులు పట్టకుండా ప్రేమించడమే ఒక పండగ. ఆ పండగ సంబరంలో ఒక ప్రశ్న వెనకబడిపోయింది. ఇంతమంది ఇన్ని త్యాగాలు చేస్తున్నారు సరే, అసలు ఆ పిల్లని ఎవరైనా అడిగారా?

'చౌద్‌వీ కా చాంద్' (1960) చూడండి. తెలుగు 'రోజులు మారాయి' (1955)లో ఒక్క పాటకి ఆడి మన జనానికి దగ్గరైన వహీదా రెహమాన్ ఇందులో జమీలా. స్నేహితుడు మనసుపడ్డ పిల్ల తన భార్యేనని గురుదత్‌కి తెలుస్తుంది. తెలిసినప్పటి నుంచి ఆమెను వదిలించుకునే దారులు వెతుకుతాడు, తన మీద ఆమెకే విరక్తి పుట్టించాలని చూస్తాడు. చివరికి నిజం తెలిసి ఆ స్నేహితుడే ప్రాణం తీసుకుంటాడు. ఇద్దరు మగవాళ్ళు ఒకరికొకరు ఎంత గొప్ప కానుక ఇచ్చుకోవాలా అని పోటీపడతారు. కానుక మాత్రం ఒక మనిషి. ఆమె మనసులో ఏముందో ఇద్దరికీ పట్టదు. మనం కన్నీళ్ళు పెట్టుకున్నది దోస్తీ కోసం. జమీలా కోసం ఎంతమందిమి ఏడ్చాం?

'పాకీజా' (1972)లో రైలుపెట్టెలో నిద్రపోతున్న మీనాకుమారి పాదాల దగ్గర ఒక చీటీ పెట్టి వెళ్ళిపోతాడు రాజ్‌కుమార్. అందరూ ఆ చీటీలోని మాటల్ని మెచ్చుకుంటారు. నాకు నచ్చింది వేరే. అతను ఆమెను లేపలేదు. జవాబు అడగలేదు. ఆమె నిద్రని ఆమెకే వదిలేశాడు. కాని అదే మనిషి తర్వాత ఆమెకు 'పాకీజా' అని పేరు పెడతాడు. పవిత్రురాలట! అంటే అంతకుముందున్న పేరుకి మైల ఉన్నట్టేగా! నిఖా దగ్గర అంగీకారం అడిగితే ఆమె వద్దని పారిపోతుంది. ఆ 'వద్దు' కూడా తన కోసం అన్నది కాదు, అతని పరువు కోసం.

'నికాహ్' (1982)లో రెండో భర్త రాజ్‌బబ్బర్, భార్య మనసు ఇంకా మొదటి భర్త మీదే ఉందనుకొని, ఆమెను అతనికి తిరిగి అప్పగించడానికి సిద్ధపడతాడు. ఎంత మంచివాడు! సల్మా ఆగా పాత్ర ఇద్దరి మీదా తిరగబడుతుంది. ఒకడు తలాక్ చెప్పి గెంటేశాడు, ఇంకొకడు తలాక్ ఇచ్చి దానం చేస్తానంటున్నాడు, నేను మనిషినా, వస్తువునా అన్నది ఆమె వాదం. ఒక్క ఊపులో మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2019లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. ఆమె ప్రశ్నలో మొదటివాడికే ఇవి జవాబు. మంచితనంతో దానం చేసే రెండోవాడిని ఏ చట్టం పట్టుకుంటుంది?

అదే ఏడు వచ్చిన 'బజార్' మన హైదరాబాద్ కథ. సాగర్ సర్హదీ తీశాడు. ఇందులో హవేలీ మాయ లేదు, పేదరికం ఉంది. షబ్నం ప్రేమించింది తనలాంటి పేద పిల్లవాణ్ణి. పెళ్ళి చేసింది గల్ఫ్ డబ్బున్న పెద్ద వయసు మనిషికి. తన పెళ్ళి జరగాలని స్మితాపాటిల్ పాత్రే ఈ సంబంధం వెతికిపెడుతుంది. షబ్నం విషం తాగుతుంది. మా దక్కనీలో ఎంత చక్కటి మాట ఉంది, 'నక్కో' అని! అన్నం పెడుతుంటే నక్కో అంటాం, చాయ్ పోస్తుంటే నక్కో అంటాం. పెళ్ళి దగ్గరకొచ్చేసరికి ఆ మాట పిల్ల గొంతులోనే చచ్చిపోతుంది. షబ్నం విషంతో చెప్పింది ఆ మాటే.

'బొంబాయి' (1995)లో షైలాబాను బురఖా ఎక్కడో చిక్కుకుంటే దాన్ని వదిలేసి ప్రియుడి వైపు పరుగెత్తుతుంది. హాలు చప్పట్లు కొడుతుంది. మా పిల్ల మీ ప్రేమకు అర్హురాలు కావాలంటే ముందు బురఖా జారిపోవాలా అని ఆ చప్పట్లని అడగాలనిపిస్తుంది. అయితే అదే సినిమాలో అతను ఆమెకు రైలు టికెట్ పంపుతాడు. రావడం, రాకపోవడం ఆమె చేతిలో పెడతాడు. నా లెక్కలో ఆ పరుగుకన్నా ఈ టికెట్ పెద్ద ప్రేమ.

మతం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. నిఖాలో వకీలు, ఇద్దరు సాక్షులు పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళి అడగాలి. ఆమె ఖుబూల్ అనకపోతే నిఖా లేదు. మెహర్ ఆమె హక్కు. మరి మనం ఏం చేశాం? దుపట్టా కింద తల వంచుకున్న పిల్ల ఏడిస్తే ఒప్పుకున్నట్టే, ఊరుకున్నా ఒప్పుకున్నట్టే అన్నాం. మెహర్‌ని మాఫ్ చేయించుకున్నాం. అడగడాన్ని తంతు చేసి, జవాబుని ముందే రాసిపెట్టుకున్నాం. సినిమావాళ్ళని మాత్రమే తిట్టి ఏం లాభం?

రంజాన్‌లో సహరీకి పెళ్ళాంకన్నా ముందు లేచి, స్టవ్ ముట్టించి, ఆమెను ఇంకో పది నిమిషాలు పడుకోనిచ్చే మగవాళ్ళు మా గల్లీల్లోనూ ఉన్నారు. వాళ్ళ మీద ఎవరూ సినిమా తీయరు. అందులో షేర్వానీ లేదు, గజల్ లేదు, చచ్చేవాళ్ళు లేరు. వాళ్ళ మీద సినిమా తీసే రోజు వస్తే, అందులో ఆడపిల్ల ఒక్కసారి నోరారా నక్కో అనాలి. అది విని కోపం తెచ్చుకోకుండా పక్కకు జరిగినవాడే హీరో కావాలి. నక్కో అనగలిగిన నోటి నుంచి వచ్చినప్పుడే ఖుబూల్‌కి విలువ.