కవిత్వమున భ్రమరము: శక్తియు భయమును

తెలుగు కవిత్వమున తుమ్మెదకున్న చనువు మఱి యే కీటకమునకును లేదు. నాయిక కురులు తుమ్మెదలు, కనుపాపలు తుమ్మెదలు, పూవు విడిచి పూవునకు పోవు ప్రియుడు తుమ్మెద. పోతన ప్రహ్లాదుని నోట హరిభక్తిని చెప్పింపవలసి వచ్చినపుడు మందారపు తేనెలో మునిగిన తుమ్మెదనే తెచ్చెను. దశమస్కంధమున గోపిక కృష్ణునిపై గల యలుకనంతయు నొక తుమ్మెదపై గ్రుమ్మరించెను. ఇంత చనువుగల ప్రాణి భయమునకు సంకేతమైన తావులును కలవు. అవి కొలది. శృంగారవర్ణనల సందడిలో చదువరి వానిని దాటిపోవుట సులభము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. సంస్కృతకవులు భ్రమరమనియు, మధుపమనియు, షట్పదమనియు పేర్లు మార్చి వాడుదురు. తెలుగున తుమ్మెద వేఱు, తేనెటీగ వేఱు. తుమ్మెద ఒంటరిది. ఎండుకొయ్యను తొలిచి గూడు చేసికొనును. మగదానికి ముల్లే లేదు. ఆడుదానికి ఉన్నను అరుదుగా కుట్టును. కొండ తేనెటీగ యట్లు కాదు. ఎత్తైన కొమ్మలకు, రాతిచరియలకు, ఒక్కొక్కచో గుడిగోపురములకు సైతము పట్టు పెట్టును. కదపినచో గుంపుగా లేచి వెంటాడును. కుట్టిన ఈగ ముల్లు విడిచి తాను చచ్చును. ఆ ముల్లునుండి వెలువడు వాసన తక్కిన ఈగలను ఆ చోటికే రప్పించును. వేలూరు, గుడియాత్తము ప్రాంతముల తెలుగువారు ఇంట ‘తేనెతుట్టెను కదపుట’ అని వినినదే వీధిలో ‘కుళవిక్కూడు’, అనగా కందిరీగల గూడు, అను మాటతో విందురు. తమిళమున ‘తుంబి’, తెలుగున ‘తుమ్మెద’ అనునవి మాత్రము ఒక తల్లి బిడ్డలు. రెండు భాషల నడుమ బ్రదుకు ఈ జనమునకు భ్రమరకవిత్వము రెండు వైపులనుండి చేరుచున్నది.

గుడియాత్తమున ఏటేట మే నెల నడుమ గంగమ్మ శిరస్సు వీధులవెంట ఊరేగి వచ్చి గుడిలో మొండెముతో కలియును. ఆ తల కొడుకు గొడ్డలికి తెగిన రేణుకదని జనుల నమ్మకము. శక్తిని భయముతో కొలుచుట ఎఱిగిన ఆ వీధులకు శ్రీశైల భ్రమరాంబ కథ పరాయిది కాదు. దేవీభాగవతము దశమస్కంధమున ఆ కథ విపులముగా నున్నది. అరుణుడను రాక్షసుడు బ్రహ్మను మెప్పించి, యుద్ధమున గాని, శస్త్రముచే గాని, పురుషునిచే గాని, స్త్రీచే గాని, రెండు కాళ్ల ప్రాణిచే గాని, నాలుగు కాళ్ల ప్రాణిచే గాని తనకు చావు లేకుండ వరము పొందెను. లెక్క అచ్చటితో ఆగినది. ఆఱు కాళ్లవి వాని తలపునకు రాలేదు.

ప్రణయపద్యములలో ‘షట్పదము’, ‘షట్చరణము’ అనునవి పలుమాఱు ఛందస్సు నింపుటకు వచ్చు మాటలు. తుమ్మెదకు ఆఱు కాళ్లుండుటతో విరహమునకు పనియేమి? ఇచ్చట ఆ మాటయే కథకు కీలు. మార్కండేయపురాణమున దేవి తన రాబోవు అవతారములను చెప్పుచు, అరుణుని వధింప లెక్కకు మించిన షట్పదముల రూపము దాల్తునని మాత్రమే పలుకును. వరపు వివరము అందు లేదు. దేవీభాగవతకర్త ఆ యొక్క విశేషణమును పట్టుకొని, అందుండియే వరమును అల్లినాడని తోచును. ఇది పుక్కిటి కల్పన కాదు. కవి చేసిన పని.

పిదప జరిగినదానిని చెప్పిన తీరును గమనింపదగినది. దేవి పిడికిటినుండి వెడలిన భ్రమరములు దిక్కులు క్రమ్మును, ఆకసము చీకటియగును. పోరు లేదు, మాటకు మాట లేదు. రాక్షసులు ఉన్నవారు ఉన్నట్లే కూలుదురు. తేనె తీయువానిపై ఈగలు కోపించి పడినట్లు అవి రాక్షసుల ఱొమ్ములు చీల్చెనని కవి యుపమానము. తేనెపట్టు అడుగున నిలిచి చూచినవాని పోలిక యిది. ఒంటరి తుమ్మెదయు, గుంపు తేనెటీగయు ఆ యొక్క వాక్యమున ఒకటైనవి. పని ముగిసిన పిదప అవి దేవి చెంతకే మరలిపోవును. రాజ్యము కోరవు.

వేమన తేనెటీగను లోభికి సాటిగా నిలిపి, అది కూర్చినది తెరువరి పాలగునని హేళన చేసెను. ముల్లు మాట యెత్తలేదు. పట్టు పిండ చేయిపెట్టిన తెరువరి మాత్రము దానిని మఱవజాలడు! ఉద్యోగపర్వమున విదురుడు దీనిని తలక్రిందు చేసి, పూవును చెఱుపక తేనె గొనినట్లు ప్రజలనుండి ధనము గొనుమని ధృతరాష్ట్రునకు చెప్పెను. అచ్చట పాలకుడే భ్రమరము. వ్యాసుడు అందును షట్పదమను మాటనే వాడెను.

తమిళ సంగమకవిత్వమున కుఱుందొగై రెండవ పద్యము తుంబిని పిలిచి యడిగినది. కర్త పేరు ఇఱైయనార్. అతడు శివుడేయని పరంపర. నా మెప్పుకొఱకు పలుకక, కండ్లారా చూచినదే చెప్పుమని ప్రియుడు తుంబిని అడుగును: నీ వెఱిగిన పూలలో ఈమె కురులను మించిన తావి గలవి కలవా? ఈ పద్యమును పాండ్యుని సభకు తెచ్చి బంగారమడిగిన పేద పూజారిని నక్కీరర్ నిలవేసెను; తుదకు శివుడు మూడవకన్ను తెఱచినను తప్పు తప్పేయనెను. 1965లో వచ్చిన ‘తిరువిళైయాడల్’ చిత్రమువలన వేలూరు తెలుగిండ్లకును ఈ సన్నివేశము సుపరిచితము.

ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యమున ఇదే కథను నత్కీరుని పేర చెప్పెను. కాళహస్తియు, గుడియాత్తమును, వేలూరును 1911 వఱకు ఒక్క ఉత్తరార్కాటు జిల్లాలోనివే; కథ నడచివచ్చిన దారి దూరము కాదు. కాని ధూర్జటి చేతిలో బరువు కేశముల సహజగంధముపైనను, శాపమువలని కుష్ఠముపైనను, నత్కీరుడు భూతము చెఱనుండి విడివడి, కొలనున మునిగి కాళహస్తిలో తేలుటపైనను నిలిచినది. క్షేత్రమహిమను చెప్పుకవికి అది తగును. భయమంతయు మిగిలినది, మెప్పునకు పలుకవలదని తుంబిని కోరిన కోరిక మాత్రము సన్నగిలినది. తమిళ కథ బిగువంతయు ఆ కోరికయందే యున్నది: తుంబిని నిజము చెప్పుమని అడిగిన కవియే, నిజము చెప్పిన విమర్శకునిపై కన్ను తెఱచెను. తుంబి యేమి బదులు చెప్పెనో ఆ పద్యమున లేదు. అది ప్రశ్నతోనే ముగియుచున్నది.