మూసాబూసీ: ఒక నామవిచారము

బొబ్బిలి కథ విన్న తెలుగువారికి బుస్సీ పేరు క్రొత్త కాదు. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోటపై ఫిరంగులు పేల్పించిన పరాసుదొర ఆతఁడే. గోదావరీ ప్రాంతమువారికి ఆ పేరుతో మఱొక సంబంధము కూడ కలదు. 1753లో నైజాము సలాబతుజంగు తన కొలువున నున్న ఫ్రెంచి సైన్యముల భరణార్థము ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను బుస్సీకి వ్రాసియిచ్చెను. 1759 వఱకు ఈ సీమల శిస్తులపై హక్కు ఫ్రెంచివారిదే. పాలకొల్లులో డచ్చివారి వర్తకస్థానము, నరసాపురము చెంత మాధవాయపాలెమున ఆంగ్లేయుల వర్తకస్థానము ఉన్నను, ఆ కొలఁది యేండ్లు ఈ డెల్టా రైతుల చెవిని ఎక్కువగాఁ బడిన విదేశీయ నామము బుస్సీయే యని యూహింపవచ్చును.

ఇంత పరిచితమైన నామమును గూర్చి మన వ్యాసములలో రెండు పొరపాట్లు తఱచుగా కనఁబడుచున్నవి. మొదటిది, బుస్సీ యనునది ఆతని యింటిపేరని వ్రాయుట. రెండవది, బొబ్బిలి కథాగాయకుల నోట నిలిచిన 'మూసాబూసీ' యను రూపమును అపభ్రంశమని యెంచి, 'బుస్సీ' యని దిద్ది యచ్చొత్తించుట. మొదటిది చరిత్రకు సంబంధించినది. రెండవది పాఠపరిష్కరణకు సంబంధించినది. నా దృష్టిలో రెండవదే యెక్కువ హాని చేయుచున్నది. కాని మొదటిది తేలినఁగాని రెండవది తేలదు.

ఆతని పూర్తినామము షార్ల్ జోసెఫ్ పాతిసియే. బుస్సీ-కాస్తెల్నో మార్క్వి యనునది బిరుదము. ఇందు ఇంటిపేరు పాతిసియే. ఆ మాటకు ఫ్రెంచిలో పిండివంటలు చేయువాఁడని యర్థము. అంతమాత్రమున ఆతని తండ్రితాతలు వంటవారని నిశ్చయింపరాదు. ఇంటిపేరు ఏ తరమువానికి అన్వర్థమో ఆ తరమునకే సాక్ష్యము; పిదప తరములకది గుర్తు మాత్రమే. ఇఁక బుస్సీ, కాస్తెల్నో అనునవి రెండును స్థలనామములు. కాస్తెల్నో యనఁగా దక్షిణ ఫ్రాన్సు భాషలో 'క్రొత్తకోట'. కోటలు పగులఁగొట్టించినవాని బిరుదములో క్రొత్తకోట యుండుట వింతయే గాని, దానినుండి యే యర్థమును పిండఁబనిలేదు.

ఇది యీ యొక్కని విషయమే యైనచో వ్యాసము వ్రాయనవసరము లేకపోవును. ఫ్రెంచి సాహిత్య చరిత్రలో 'బుస్సీ'గా ప్రసిద్ధి కెక్కిన మఱియిద్దఱున్నారు. ఒకఁడు బుస్సీ దాంబ్వాజ్ (1549–1579). ఆంగ్ల కవి చాప్మన్ 1607లో ఆతని పేరిట విషాదనాటకమును ప్రకటించెను. 1846లో అలెగ్జాండర్ డ్యూమా ఆతనిని నవలా పాత్రముగఁ జేసెను. ఆతని వంశనామము క్లెర్మోన్. రెండవవాఁడు బుస్సీ-రబ్యుతాన్ (1618–1693). లేఖాసాహిత్యమునకుఁ బేరుగన్న మదాం ద సెవిన్యేకు ఈతఁడు జ్ఞాతి. ఆస్థాన రహస్యములను కథలుగ వ్రాసి బస్తీలు చెఱసాలను చూచిన రచయిత. ఈతని వంశనామము రబ్యుతాన్. కావున మువ్వురు ప్రసిద్ధ బుస్సీలలో ఒక్కనికైనను బుస్సీ ఇంటిపేరు కాదు. అది వారి వారి భూస్థితిని తెలుపు నామము. వారు ఒక వంశమువారును గారు; ఒక్క యూరివారును గారు. రబ్యుతానుల బుస్సీ బర్గండీ సీమలోనిది. మనవాఁడు సువాస్సోను ప్రాంతమువాఁడు.

ఈ భేదము తెలుగువానికి కష్టమైనది కాదు. 'బొబ్బిలి రంగారావు' అన్నప్పుడు బొబ్బిలి యింటిపేరని మనమెవ్వరము భ్రమపడము. అది ఆయన యేలిన స్థలము, ఆయన వంశము రావువారు. ఎదుటి పక్షమున విజయనగర ప్రభువు విజయరామరాజును విజయనగరమువారందుము, ఇంటిపేరు పూసపాటి. ఆ యుద్ధమున తలపడిన యిరువుర తెలుగు ప్రభువుల విషయమున మనకుఁ గల వివేకము, మూఁడవవాఁడగు ఫ్రెంచి సేనాని యొద్దకు వచ్చుసరికి ఏల తప్పిపోయినది? ఆంగ్ల చరిత్రగ్రంథములు అతనిని ఒంటిమాటతో బుస్సీ యని వ్యవహరించుటయే కారణమని నా తలంపు. ఒంటిగా వాడిన మాట యింటిపేరే యగునని ఆ గ్రంథములు చదివినవారు అనుకొనిరి.

ఫ్రెంచివారి 'ద' యను ప్రత్యయమును గూర్చి ఒకమాట. 'ద బుస్సీ' యనఁగా బుస్సీయొక్క, బుస్సీనుండి వచ్చిన యని యర్థము. ఈ పనినే మన యింటిపేర్లలో ఔపవిభక్తికరూపము చేయుచున్నది. పాలకొల్లులో తరగతి హాజరుపట్టీ చదువునప్పుడు ఈ వ్యాకరణము ఉదాహరణలతో సహా దొరకును. పోడూరు పోడూరి యైనది. పాలకోడేరు పాలకోడేటి యైనది. ఏలూరు ఏలూరి యైనది. ఇకారాంతమగుటచే యలమంచిలి మాఱకయే నిలిచినది. చిన్నయసూరి సూత్రములు కంఠస్థము చేసిన విద్యార్థి సయితము తన యింటిపేరులోనే ఔపవిభక్తికము దాఁగియున్నదని చెప్పినచో ఆశ్చర్యపడును. అయితే వ్యత్యాసమొకటి గలదు. ఫ్రాన్సులో 'ద' యున్నచో కులీనుఁడే యని జనులు తలఁచిరి. శాస్త్రదృష్ట్యా అది నిజము కాదు. 'ద' కలిగిన సామాన్యులును గలరు, 'ద' లేని కులీనులును గలరు. మన పోడూరివారికి, పాలకోడేటివారికి ఆ 'టి', 'రి'లు ఏ గౌరవమును తెచ్చిపెట్టలేదు. వేఱువేఱు కులములవారు ఒకే గ్రామనామమును ఇంటిపేరుగ ధరించుట ఈ సీమలో సర్వసాధారణము.

ఇఁక బుస్సీ యను నూరిపేరు ఎట్లు పుట్టినది? ఉత్తర ఫ్రాన్సున 'ఈ'కారముతో ముగియు గ్రామనామములలో పెక్కింటికి మూలము గాలుభాషనుండి లాటినులోనికి వచ్చిన 'అకుం' అను ప్రత్యయము. ఫలానివాని భూమి, ఫలానివాని పల్లె యని దాని యర్థము. ఈ ప్రత్యయమే ఉత్తరమున 'ఈ'గను, దక్షిణమున 'అక్'గను పరిణమించినది. సవిన్యీ, సవిన్యాక్ అను రెండూళ్ల పేర్లకును మూలమొక్కటే. సబీనియస్ అను రోమను నామమునుండి వచ్చినవి. ఈ పద్ధతిని బుస్సీ 'బుక్కియస్' అను వాని పల్లె కావచ్చును. మఱొక పక్షమున 'బుక్సుస్' అను పొద గలదు. చిన్న యాకులతో దట్టముగఁ బెరుగును. దాని గట్టికొయ్యతో దువ్వెనలు, బరిణెలు చేయుదురు. బుస్సియేర్ అను గ్రామనామములు ఈ పొదనుండియే పుట్టినవి. ఆల్బేర్ దోజా మొదలగు ఫ్రెంచి నామశాస్త్రజ్ఞులు బోధించిన పద్ధతి యేమనఁగా, నేఁటి రూపమును బట్టి నిర్ణయింపక, ప్రతి యూరికిని దాని ప్రాచీన శాసనరూపమును వెదకి చూడవలెను. ఒక బుస్సీ మనుష్యుని పేరనియు, మఱొక బుస్సీ పొద పేరనియు తేలవచ్చును. రెండును నేఁడు ఒకే యక్షరములతో వ్రాయఁబడును.

మన ప్రాంతమున వ్యక్తినామమునకు భీమవరము, నరసాపురములును, వృక్షనామమునకు తాటిపాక, మామిడికుదురులును ఉదాహరణములు. ఇవి స్పష్టములు. పాలకొల్లు స్పష్టము కాదు. ఉపమన్యు మహర్షికై శివుఁడు క్షీరమును ప్రసాదించెనను స్థలపురాణమును, క్షీరారామ మను ఆలయనామమును చూచి 'పాల' యనునది క్షీరమే యని యెల్లరును స్థిరపఱచుకొనిరి. పాలచెట్టు ఒకటి యున్నదని, ఊళ్ల పేర్లలో చెట్లకు గల స్థానము పెద్దదని యోచించినవారు తక్కువ. నేనును నిర్ణయింపలేదు. సంస్కృతీకరింపఁబడిన నామమును మూలమునకు సాక్ష్యముగ గొనుట మాత్రము తగదు. క్షీరారామ మను మాట పాలకొల్లు అను మాటను వివరించుచున్నదే గాని పుట్టించుట లేదు.

వ్యాప్తి విషయము క్లుప్తముగఁ జెప్పెదను. బుస్సీ-సేన్-జోర్జ్, బుస్సీ-ల-గ్రాన్, బుస్సీ-ఆన్-ఓత్, బుస్సీ-లెత్రే, ఇట్లు ఉత్తర, తూర్పు ఫ్రాన్సులలో ఈ పేరు గల గ్రామములు పెక్కు. ఊరు విడిచిపోయిన సామాన్యులకు క్రొత్తచోట ఆ యూరిపేరు ఇంటిపేరైనది. కావున నిజముగా బుస్సీ ఇంటిపేరు గలవారును ఫ్రాన్సులో నున్నారు. కాని వారెవ్వరును మన సేనానికి బంధువులు కానక్కఱలేదు. 1539 నాటి విల్లేర్-కోత్రే రాజశాసనము చర్చీలలో జ్ఞానస్నానముల పట్టీ నుంచవలెనని విధించినది. 1794 ఆగస్టు 23 నాటి విప్లవ శాసనము జననపత్రమునందలి పేరు తప్ప వేఱు పేరు ధరింపరాదని నిషేధించినది. ఈ రెంటి నడుమ ఫ్రెంచి యింటిపేర్లు గడ్డకట్టినవి. ఫ్రెంచి యిండియాలో 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తరువు మఱొక వింత తెచ్చినది. స్వదేశీయ ధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతి క్రిందికి వచ్చువారు ఒక వంశనామమును ఎంచుకొనవలెనని విధించినది. తెలుగుగడ్డపై ఆ యుత్తరువు వర్తించిన స్థలము యానాము. మనకు ఇంటిపేరు పుట్టుకతో వచ్చును. అక్కడ దానిని కాగితముపై ఎంచుకొనవచ్చునని చట్టము చెప్పినది.

ఇప్పుడు 'మూసాబూసీ'. దీనిని అపభ్రంశమని త్రోసివేయువారు, 'బుస్సీ' శుద్ధరూపమని తలఁచుచున్నారు. అది నిజము కాదు. ఫ్రెంచి వర్ణక్రమమున రెండు అచ్చుల నడుమ ఒంటి 'స'కారము 'జ'కారచ్ఛాయతోఁ బలుకును. అట్లు కాకుండుటకే 'స'ను రెండుమార్లు వ్రాయుదురు. ఉచ్చారణలో ద్విత్వము లేదు. మన 'స్స' కేవలము కంటితోఁ జదివి వ్రాసినది. బూసీలోని ఒంటి సకారమే ఫ్రెంచివాని నోటికి దగ్గఱ. మొదటి అచ్చు విషయమును చూడుఁడు. పెదవులు ఉకారమునకువలె గుండ్రముగ నుంచి, నాలుకను ఇకారస్థానమున నిలిపి పలుకు ధ్వని యది. తెలుగున లేదు. ఫ్రెంచివారు మన ఉకారమును వ్రాయవలసినప్పుడు రెండక్షరములు వాడుదురు. తమ ఒంటి 'యు'ను వాడరు. ఆ ధ్వని వేఱని వారెఱుఁగుదురు. మన గాయకుఁడు దానిని ఊకారముగ గ్రహించెను. అంతకంటె సమీపమైన యచ్చు ఆతనికి దొరకదు. అనఁగా నిరక్షరాస్యుఁడని మనమనుకొనెడి జంగము చెవి, చదువరి కంటికంటె నమ్మఁదగినదైనది.

మూసా యనునది ఫ్రెంచిలో 'అయ్యా', 'దొర' యను నర్థమునఁ బేరునకు ముందుంచు 'మొస్యో' శబ్దము. మరాఠీ బఖరులలోను ముసాబుసీ యనియే కలదు. కావున ఈ రూపము దక్కను దర్బారు మార్గమున వచ్చి సర్కారులకుఁ జేరినదని చెప్పవచ్చును. మూసా యను ప్రవక్తనామము అచ్చటి ముసల్మానులకు సుపరిచితము. వినని మాట విన్న మాటలో ఒదిగినది. ఇదే పరిణామము హైదరాబాదులో మఱింత ముందుకు సాగినది. నైజాము సేనలో నుండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమోను, హిందువులకు 'మూసారాము', ముసల్మానులకు 'మూసారహీము' అయ్యెను. నేఁటి మూసారాంబాగు ఆతని పేరిటిదే. జర్మానిక భాషలో 'ఆలోచన', 'రక్షణ' అను మాటల కలయికతో నేర్పడిన రేమోను నామమునకు రామునితోఁ గాని రహీముతోఁ గాని సంబంధము లేదు. అయినను మూసారాంబాగును 'మస్యో రేమోను తోట'గ దిద్దవలెనని ఎవ్వరును కోరలేదు. కథాపాఠమునకు మాత్రము ఆ రక్షణ లేకపోవుట విచారకరము.

ఈ దిద్దుబాటు వలని నష్టము స్పష్టము. కథాపాఠమున మూసాబూసీ యున్నచో ఆ చరణము వినికిడి పరంపరలోనిదనుటకు అదొక యాధారము. 'బుస్సీ' యున్నచో ఎక్కడనో ఒక చదువరి చేయి, బహుశః ఆంగ్ల గ్రంథమో అచ్చు నాటకమో, తగిలినదని శంకింపవచ్చును. వేదము వేంకటరాయశాస్త్రిగారి బొబ్బిలి యుద్ధ నాటకము 1916 నాటిది. 1964లో చలనచిత్రమును వచ్చినది. వీని తరువాత సేకరించిన పాఠములలో గాయకుఁడు తన తాతనుండి విన్నదెంత, తెరపైఁ జూచినదెంత యని వేఱు చేయవలసియుండును. ఒక్క నామరూపముతో పాఠము వయస్సు తేలదు, నిజమే. కాని ఉన్న గుర్తులే కొలఁది. పరిష్కర్త వానిని సమానముగ నునుపు చేసి, పీఠికలో పాఠభేదములు లేవని వ్రాసినచో, ఆ పిమ్మట వచ్చు పరిశోధకునకు చేతికేమియు మిగులదు. మూలమున విన్నరూపమును ఉంచి, అధోజ్ఞాపికలో వ్యక్తిని గుర్తింపవలెను. కడపజిల్లా ఊళ్ల పేర్లను గూర్చి 1976లో గ్రంథము వెలువరించిన కేతు విశ్వనాథరెడ్డిగారు మొదలుగ మన నామపరిశోధకులు గ్రామనామముల విషయమున వ్యవహారరూపమునకు విలువ నిచ్చిరి. కథాసాహిత్యమునందలి వ్యక్తినామములకును అదే న్యాయము చెల్లవలెను.

ఈ విషయమున ఫ్రెంచి నిఘంటుకారులు మనకంటె బుద్ధిమంతులు. పాలకొల్లుకు దక్షిణముగ సుమారు 10 కిలోమీటర్ల దూరమున నున్న నరసాపురము ప్రక్కనే మాధవాయపాలెము. అచ్చటి నేఁతబట్ట సముద్రము దాఁటిపోయి ఫ్రెంచిభాషలో 'మదపొలాం' అయినది. నేఁటికిని ఫ్రెంచి నిఘంటువులలో అది నూలుబట్టకుఁ బేరు. సంస్కృతాంధ్రములు నేర్చిన ఫ్రెంచి పండితులు లేకపోలేదు. అయినను దానిని మాధవాయపాలెముగ దిద్దుటకు వారెవ్వరును పూనుకొనలేదు. తమ నావికుల నోటఁ బడిన రూపమునే యుంచి, దాని ప్రక్కన మన యూరి పేరు వ్రాసికొనిరి.