అతిమానుషవీరుల చలనచిత్రములు: పోస్టరులందలి స్త్రీమూర్తి

నాటకమునకు నాంది యెట్టిదో చలనచిత్రమునకు గోడమీఁది పోస్టరట్టిది. నాంది కథార్థమును సూచింపవలెను గాని దానికి విరుద్ధము కారాదు. అమెరికాదేశమున వెలువడు నతిమానుషవీరుల చిత్రములందుఁ బురుషపాత్రలయెడ నీ నియమము చక్కఁగఁ జెల్లుచున్నది. స్త్రీపాత్ర రాఁగానే తఱచుగాఁ దప్పుచున్నది.

2012వ సంవత్సరమున విడుదలయిన ‘ది అవెంజర్స్’ పోస్టరు ముఖ్యోదాహరణము. శిథిలమైన నగరవీథిలో వీరులు యుద్ధసన్నద్ధులై నిలిచియున్నారు. పురుషులకు వక్షోబాహువుల బలమే ప్రధానముగాఁ జూపఁబడినది. బ్లాక్ విడో యను నటాషా మాత్రము చేత పిస్తోలు ధరించియు, నడుము త్రిప్పి, కటిప్రదేశమును బ్రేక్షకునివైపు నిలిపి, భుజముమీఁదుగాఁ జూచుచున్నది. కథలో లోకిని మాటలతోనే మోసపుచ్చి యతని పన్నుగడను దెలిసికొన్నదియు, శత్రుసేన దిగివచ్చు నాకాశద్వారమును దుదకు మూసినదియు నామెయే. ఆ బుద్ధిగాని యా సాహసముగాని పోస్టరున సూచితము కాలేదు.

భంగిమమునందే దోషము కలదనరాదు. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము తొమ్మిది స్థానములను జెప్పి, వెనుకవైపు కనఁబడు పృష్ఠాగతమును గూడ వానిలోఁ జేర్చినది. విచారింపవలసినది, ఆ నిలుకడ యెవరికొఱకనునదియే. భరతుఁడు చెప్పిన యాలీఢప్రత్యాలీఢములకు గుఱి శత్రువు. నటాషా నిలుకడకు గుఱియైనవాఁడు పోస్టరులో లేఁడు. వీథిలో నిలిచి చూచుచున్నాఁడు.

శృంగారవీరము లొకచోట నుండరాదా యని పూర్వపక్షము. ఉండవచ్చును, పోతన సత్యభామయే సాక్షి. నరకునితోడి యుద్ధమున నామె శత్రువునెడ వీరమును, బతియెడ శృంగారమును నొక్కమాఱే ప్రకటించును. సొగసు తఱుగలేదు, బాణమును దప్పలేదు. ఏలయన, నచట రెండు రసములకును రెండాలంబనములు కావ్యములోనే కలవు, ఆశ్రయ మామెయే. పోస్టరులోని నాయికకో, యెవనియెడను రతిభావము లేదు. ఆమె కేవల మాలంబనము. ఆశ్రయము టిక్కెట్టు కొనువాఁడు. ఏకనిష్ఠమైన రతి రసాభాసమని యాలంకారికు లెన్నఁడో తేల్చిరి. ఆ యేఁటనే కొందఱు చిత్రకారులు పురుషవీరులను అట్టి భంగిమమున లిఖించి చూపిరి. లక్షణగ్రంథము పది పుటలలో సాధింపవలసినదానిని ఆ పరిహాస మొక్క చూపులో సాధించినది!

2016లో ‘ఎక్స్-మెన్: అపోకలిప్స్’ ప్రకటనఫలకము మఱింత విషమము. ప్రతినాయకుఁడు మిస్టీక్ కంఠమును బట్టి నులుముచున్నాఁడు. బలవంతులే మిగులుదురని దానిపై వ్రాఁత. ప్రబంధమునం దట్టి ఘట్టమునకుఁ బూర్వాపరములు కలవు, ప్రతిక్రియయుఁ గలదు. పోస్టరు ముక్తకము, అందా కంఠ మెన్నఁటికిని విడువఁబడదు. విమర్శలు రాఁగా ఫాక్స్ సంస్థ క్షమాపణ చెప్పినది.

వస్త్రముల కొఱతయే దోషమని కొందఱందురు. అది తగదు. 2017లోఁ బాటీ జెంకిన్స్ దర్శకత్వమున వెలువడిన ‘వండర్ ఉమన్’ నాయికకు వస్త్రము లల్పములే. అయినను పోస్టరులం దామె ఖడ్గధారిణియై యుద్ధమునకు నిలిచినది, చూపులకుఁ గాదు. ‘కెప్టెన్ మార్వెల్’ నాయిక నిలువెల్లఁ గప్పుకొన్నను నింద తప్పలేదు. 2018లోఁ దొలి ట్రైలరు వెలువడఁగానే యామె నవ్వుట లేదని కొందఱు గొణిఁగిరి. పాత్రధారిణి బ్రీ లార్సన్ వాదమునకు దిగలేదు. పురుషవీరుల పోస్టరులపై నవ్వు లతికించిన చిత్రములను లోకమునకుఁ జూపి యూరకున్నది.