గణవిభజనకు ముందు గొంతు

పదో తరగతి తెలుగు పరీక్షలో గణవిభజన ప్రశ్న ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. పద్యపాదం ఇస్తారు. పిల్లలు అక్షరాల నెత్తిన గురులఘువుల గుర్తులు పెట్టి, మూడేసి చొప్పున విడగొట్టి, భరనభభరవ వచ్చింది కాబట్టి ఉత్పలమాల అని తేలుస్తారు. మార్కులు పడతాయి. ఆ పాదాన్ని ఒక్కసారైనా గొంతెత్తి చదవాల్సిన పని మాత్రం పడదు. ఛందస్సు కంటితో లెక్కపెట్టేది కాదు, చెవితో గుర్తుపట్టేది అని నా వాదన. చెవికి ఎక్కని ఛందస్సును బడిలో నేర్పినా నేర్పనట్టే.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. గణాల పేర్లు చూస్తే ఒకదానికొకటి ఏమీ కానట్టుంటాయి. వెంటవెంటనే చదివితే అసలు సంగతి బయటపడుతుంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విరిస్తే చంపకమాల అవుతుంది, ఆ తరువాతి నడకంతా ఒక్కటే. శార్దూలానికీ మత్తేభానికీ ఉన్న చుట్టరికమూ ఇదే. ఒకటి బరువుగా అడుగేసి మొదలవుతుంది, మరొకటి పరుగందుకుంటుంది. నజభజజజర అని వల్లించినంత మాత్రాన ఇది తెలియదు, విన్నవాడికి తెలుస్తుంది. యతిప్రాసలూ అంతే. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గరికి వచ్చేసరికి పాదం మొదట విన్న ధ్వనికి చుట్టమైన ధ్వని మళ్లీ పలుకుతుంది. రెండో అక్షరంలోని హల్లు నాలుగు పాదాలనూ కలిపి కడుతుంది. అలవాటు పడిన చెవి ఆ ధ్వని కోసం ముందే ఎదురుచూస్తుంది. ఎదురుచూసిన ధ్వని, అనుకోని మాటను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు కలిగే ఆనందం పద్యానికే సొంతం. నన్నయ తన కవితకు అక్షరరమ్యతను గుణంగా చెప్పుకున్నది ఊరికే కాదు.

ఈ ఆనందానికి మన నేల మీద చాలా పాత సాక్ష్యముంది. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిదంటారు. పన్నెండు బోయకొట్టాలు గెలిచిన సేనాని సంగతిని అది తరువోజ పద్యంలో చెబుతుంది. నన్నయకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే, ఒక దానశాసనాన్ని పద్యంలో చెక్కించాలని ఎవరికో అనిపించింది. సరిగ్గా అదే కాలానికి చైనాను తాంగ్ వంశం ఏలుతోంది. అక్కడ ఎనిమిది పాదాల ‘లూషి’ అనే పద్యరూపం అప్పటికే స్థిరపడింది. పాదానికి ఐదో ఏడో అక్షరాలు, సమంగా సాగే స్వరాలకూ వంపు తిరిగే స్వరాలకూ ఒక వరుస, సరిపాదాల చివర అంత్యప్రాస, నడిమి పాదాల్లో మాటకు మాట జోడీ. తూ ఫూ వంటి మహాకవి ఈ కట్టుబాట్లలోనే ఒదిగి రాశాడు, ప్రభుత్వోద్యోగ పరీక్షల్లో కూడా పద్యం రాయమనేవారు. అయితే ఆ నాటి ఉచ్చారణ నేటి బీజింగ్ చైనీస్‌లో చాలావరకు మారిపోయింది. కొన్ని పొట్టి స్వరాలు పూర్తిగా పోయాయి, కొన్ని ప్రాసలు ఇప్పుడు కలవవు. కాంటనీస్ వంటి దక్షిణాది భాషల్లో చదివితే కొంత దొరుకుతుంది, లేదంటే పుస్తకం చూసి తెలుసుకోవాలి. మనకు ఆ కష్టం లేదు. తరువోజలోని మాటలు పాతబడి ఉండవచ్చు గాని, దీర్ఘం ఇవాళ్టికీ దీర్ఘమే, హ్రస్వం హ్రస్వమే. పదకొండు వందల ఏళ్ల నాటి నడక ఈనాటి పిల్లవాడి నోట పలుకుతుంది. ఇంత భాగ్యం చేతిలో ఉంచుకుని కాగితం మీద గుర్తులతో సరిపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

అర్థం తెలియకుండా ధ్వని ఎందుకని అడగవచ్చు. అర్థం వద్దని నేననడం లేదు, వరుస మార్చమంటున్నాను. ప్రతిపదార్థంతో మొదలుపెట్టిన పద్యం ముక్కలై చేరుతుంది. ముందు విన్న పద్యం తన అర్థాన్ని తానే అడిగిస్తుంది. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటుంది. మిర్చి కళ్లాలూ పత్తి చేలూ ఉన్న మన ఊళ్లలో తెల్లవార్లూ పద్యనాటకాలు చూసి వన్స్‌మోర్ కొట్టినవాళ్లు రాగానికి మురిశారే తప్ప పద్యానికి కాదన్నది. సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్య ఈలతోనే పద్యం పాడి మెప్పించాడు కదా, అందులో మాటే లేదు కదా అంటారు. నిజమే, ఆలాపన సాగదీసినప్పుడు యతి మరుగున పడిపోతుంది, అది నటుల లోపమే. కానీ మాట లేని ఈలలో కూడా గురులఘువుల నడక ఉంది. పద్యం తెలిసిన చెవికి ఏ పద్యమో పోల్చుకోవడానికి అది చాలు.

ఛందస్సు పండితుల కోట, సామాన్యుణ్ణి బయట నిలబెట్టడానికి కట్టిందన్న మాటలోనూ కొంత నిజముంది. చదువు కొందరికే దక్కిన కాలంలో పద్యమూ కొందరి చేతిలోనే ఉంది. అయితే వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా, కులం పేరుతో అవమానాలు పడి కూడా, ఆ కోటను వదిలి పోలేదు. ‘గబ్బిలం’ను వృత్తాల్లో, తేటగీతుల్లో రాశాడు. ఆయన శ్మశానవాటిక పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటిసీనులోకి ఎక్కి, అక్షరం రాని కూలీల నాలుకల మీదికీ వచ్చాయి. గణాలు వాళ్లకెవరూ చెప్పలేదు. పద్యం తప్పు చదివితే మాత్రం పట్టుకునేవాళ్లు.

కాబట్టి తెలుగు ఉపాధ్యాయులకు నా మనవి ఇది. గణవిభజన ప్రశ్నను తీసెయ్యకండి. దానికి ముందు ఒక వారం పాటు ఉత్పలమాలనూ చంపకమాలనూ పుస్తకం మూయించి వినిపించండి, పిల్లల చేత గొంతెత్తి చదివించండి. ఏది ఏ పద్యమో వాళ్లనే చెప్పనివ్వండి. గురులఘువుల గుర్తులు ఆ తరువాత పెట్టించండి.